ఏఆర్‌టీ వాడుతుండగా కొలెస్ట్రాల్ పెరిగితే ఏం చేయాలి?

ల్యాబ్ నుంచి తెచ్చుకున్న కాగితంలో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎదురుగా 310 అని ముద్ద అక్షరాల్లో ఉంది. పక్కనే ఒక ‘హెచ్’, అంటే ఎక్కువని. ఇంటికొచ్చి మీరు చేసే మొదటి పని ఏమిటో నాకు తెలుసు. ఫోన్ తీసి వెతుకుతారు. హెచ్‌ఐవీ మందుల వల్ల కొవ్వు పెరుగుతుందన్న ఒక్క ముక్క కళ్లబడుతుంది. ఆ రాత్రి మాత్ర చేతిలోకి తీసుకుని, కాసేపు దాని వంక చూసి, మళ్లీ డబ్బాలో వేసేస్తారు.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులనే ఏఆర్‌టీ అంటారు. అవి ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. అలా డబ్బాలో వేసేసినవాళ్లు మందులకు వచ్చిన రోజు దొరికిపోయేవాళ్లు, మాత్రలు లెక్కపెడతాం కాబట్టి. “గుండెకు మంచిది కాదంట కదా మేడం” అనేవాళ్లు తల దించుకుని. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ముందు ఆ మాత్ర వేసుకోండి

మందులు ఆపితే గుండె బాగుపడుతుందనుకోవడం పొరపాటు. దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు కూడా. ‘స్మార్ట్’ అనే అధ్యయనంలో 5472 మంది ఉన్నారు. సగం మందికి మందులు ఆపకుండా ఇచ్చారు, మిగతా సగానికి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగున్నప్పుడు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆపి ఆపి వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ, గుండె జబ్బులు కూడా ఎక్కువే.

ఎందుకంటే రక్తంలో కొవ్వుల లెక్క తప్పడం మందులతో మొదలవ్వదు, వైరస్‌తోనే మొదలవుతుంది. మందులు లేని రోజుల్లో మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ పడిపోతుంది, ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, చెడ్డదైన ఎల్‌డీఎల్ కూడా తగ్గుతుంది. ఇది ఆరోగ్యం కాదు, మనిషి చిక్కిపోవడంలో ఒక భాగం. మందులు మొదలుపెట్టాక ఒంటికి కండ పట్టినట్టే ఎల్‌డీఎల్ కూడా పైకొస్తుంది. అందులో కొంత మీకు జబ్బు రాకముందు ఉన్న అంకెకు తిరిగి రావడమే. వైరస్ అదుపులో లేకపోతే రక్తనాళాల గోడల్లో లోలోపల వాపు రగులుతూనే ఉంటుంది. మాత్ర ఆపడమంటే ఆ వాపును మళ్లీ పిలిచి కూర్చోబెట్టడమే.

మాత్ర మార్చమని అడగొచ్చు, తప్పులేదు. మీ అంతట మీరు ఆపకూడదు, అంతే.

డబ్బా మీద ఏం రాసుందో చూడండి

ఏఆర్‌టీ మందులన్నీ కొవ్వులతో ఒకేలా ప్రవర్తించవు. ఫోన్‌లో చదివిన భయంలో సగం పాత మందుల గురించే. కాబట్టి మీ డబ్బా తీసి పేర్లు చదవండి. చదవడం రాకపోతే గ్రీన్ బుక్ (సెంటర్‌లో మీకిచ్చిన చికిత్స పుస్తకం) తీసుకెళ్లి నర్సునో ఫార్మసిస్టునో అడగండి.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువమంది వాడుతున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపి రోజుకు ఒకటే మాత్ర. కొవ్వుల విషయంలో ఇది చాలా మెత్తని మందు. డోలుటెగ్రావిర్ వాటిని పెద్దగా కదపదు. ఇందులో ఉన్న రకం టెనోఫోవిర్ అయితే కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గిస్తుంది కూడా. ఇక్కడ చిక్కు బరువుతో. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కొందరు బాగా లావెక్కుతారు. ఆ బరువు వెంట షుగరు, ట్రైగ్లిజరైడ్స్ వస్తాయి. టీఎల్‌డీ వాడుతూ 310 వచ్చిందంటే మాత్ర కన్నా ముందు పళ్లెం వైపు, నడుము వైపు చూడాలి.

అంతకుముందు వాడిన టీఎల్‌ఈలో ఎఫావిరెంజ్ ఉండేది. అది కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతుంది. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో దశ మందుల్లో లోపినవిర్-రిటోనవిర్ జంట ట్రైగ్లిజరైడ్స్‌ను బాగా పైకి లేపుతుంది. అటాజనవిర్-రిటోనవిర్ అంత కాదు. కిడ్నీల కారణంగా టెనోఫోవిర్ తీసేసి అబాకవిర్ ఇచ్చి ఉంటే, ఇదివరకు గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా ఆ సంగతి సెంటర్ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అబాకవిర్‌కూ గుండెపోటుకూ సంబంధం ఉందని పలు అధ్యయనాల్లో కనబడింది.

అమెరికాలోనో మరో చోటో ఉండి బిక్టార్వీ లాంటి మాత్రకు మారినవాళ్లకు ఒక మాట. అందులో ఉన్నది టెనోఫోవిర్‌లో కొత్త రకం, టాఫ్ అంటారు. కిడ్నీలకు, ఎముకలకు మేలు. కానీ పాత టెనోఫోవిర్ కొలెస్ట్రాల్‌ను కాస్త నొక్కి ఉంచేది కదా, ఆ చెయ్యి తీసేసినట్టవుతుంది. ఎల్‌డీఎల్ కొంచెం పెరిగితే కంగారు పడకండి. మారకముందు రిపోర్టు, మారాక రిపోర్టు పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.

రక్తం సరిగ్గా ఇవ్వండి

‘పరగడుపున రండి’ అంటే కాఫీ తాగి వచ్చేవాళ్లే ఎక్కువ. “తిండి ఏం తినలేదు మేడం, కాఫీయే” అంటారు. పాలూ పంచదారా పడిన కాఫీ తిండి కిందే లెక్క. తిన్నాక ముందుగా పెరిగేది ట్రైగ్లిజరైడ్సే. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం ముగించి, ఉదయం ఎనిమిదిన్నరకు రక్తం ఇస్తే పన్నెండు గంటలు. మధ్యలో మంచినీళ్లు ఎన్నయినా తాగొచ్చు.

మరి ఏఆర్‌టీ మాత్ర? టీఎల్‌డీ తిండితో పనిలేని మందు, పరగడుపున నీళ్లతో మామూలు వేళకే వేసుకోవచ్చు. అటాజనవిర్-రిటోనవిర్ తిండితో వేసుకోవాల్సింది కాబట్టి, ఉదయం వేసుకునే అలవాటు ఉంటే రక్తం ఇచ్చి, టిఫిన్ చేస్తూ వేసుకోండి. రక్తపరీక్ష ఉందని ఆ రోజు మాత్ర ఎగ్గొట్టొద్దు.

రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు మద్యం, కల్లు ముట్టకండి. పెళ్లి భోజనం చేసిన మర్నాడు వెళ్లకండి. జ్వరంతో ఉన్నప్పుడు, ఏదైనా ఇన్‌ఫెక్షన్ నుంచి అప్పుడే కోలుకుంటున్నప్పుడు వచ్చే అంకెలను నమ్మలేం. రెండు మూడు వారాలు ఆగి ఇవ్వండి.

బయట ల్యాబ్‌లో ఇస్తుంటే మీకు హెచ్‌ఐవీ ఉందని అక్కడ చెప్పాల్సిన పని లేదు. లిపిడ్ (కొవ్వుల) పరీక్షకు దాంతో సంబంధం లేదు. రక్తం తీసేవాళ్లు ఎవరి రక్తమైనా గ్లవ్స్ వేసుకునే తీయాలి.

కాగితం చదవడం

ఇంగ్లీషు అక్షరాలు చూసి బెదరకండి, నాలుగే అంకెలు. మొదట్లో చెప్పిన ఆ 310 రిపోర్టునే పూర్తిగా చూద్దాం. టోటల్ కొలెస్ట్రాల్ 236, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ 310, ఎల్‌డీఎల్ 140.

టోటల్ 200 లోపు ఉంటే మంచిది. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 దాటి ఉండాలి. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు. ఎల్‌డీఎల్ 100 లోపు, గుండె జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లకు 70 లోపు.

చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్కగట్టి వేస్తాయి. ట్రైగ్లిజరైడ్స్‌ను 5తో భాగిస్తే 62. టోటల్ 236 లోంచి హెచ్‌డీఎల్ 34, ఈ 62 తీసేస్తే 140. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటాయంటే ఈ లెక్క చెల్లదు. అప్పుడు ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ చేయమని అడగాలి.

ఇంకో అంకె మీరే వేసుకోవచ్చు. టోటల్ లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 236 లోంచి 34 పోతే 202. నాన్-హెచ్‌డీఎల్ అంటారు దీన్ని. నాళాల్లో పేరుకునే కొవ్వంతా ఇందులోనే ఉంది. 130 లోపు ఉండాల్సింది 202 ఉంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉండే మనవాళ్లకు ఎల్‌డీఎల్ ఒక్కటే చూడటం కన్నా ఈ అంకె నయం అని నా అభిప్రాయం.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం వద్దు. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాచే ప్రమాదం మొదలవుతుంది, అంకె పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పొట్ట పైభాగంలో వీపులోకి దూసుకుపోయే నొప్పి, ఆగని వాంతులు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. ఎల్‌డీఎల్ 190 దాటితే పథ్యం ఒక్కటే సరిపోదు, మందు మాట అప్పుడే ఎత్తాలి.

కాగితంలో లేని అంకెలు

ఇంట్లో టేపు ఉంటే బొడ్డు దగ్గర నడుము కొలవండి, పొట్ట లోపలికి పీల్చకుండా. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఎక్కువే. బీపీ చూపించుకోండి. షుగర్ చేయించండి. బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే, ఆపడం వల్ల గుండెకు కలిగే మేలు ఏ కొలెస్ట్రాల్ మాత్రకూ తీసిపోదు. నాన్నకో అన్నకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే అదీ డాక్టరుకు చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు మిగతావాళ్ల కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. మామూలు మనిషికి ‘చూద్దాంలే’ అనదగ్గ రిపోర్టు మీకు అలా అనదగ్గది కాకపోవచ్చు.

పళ్లెం దగ్గర అసలు గొడవ

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తొలిరోజుల్లో సెంటర్‌కు వచ్చేవాళ్లు ఎముకల గూళ్లలా ఉండేవాళ్లు. “బలమైన తిండి తినండి” అన్నదే మా మంత్రం. రోజూ గుడ్డు, పాలు, పల్లీ ఉండలు, అన్నంలో నెయ్యి. ఆ రోజుల్లో అది సరైన సలహానే. కానీ ముప్ఫై ఏళ్లప్పుడు ఆ మాట విన్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనబడనంతగా తగ్గింది, 48 కేజీల మనిషి 76 అయ్యాడు, నెయ్యి మాత్రం ఆగలేదు. ఆపమని మేమూ చెప్పలేదు. తప్పు మాదే.

దీని వెనక ఇంకో భయం ఉంది. ఒకావిడ నాతో అంది: “సన్నబడితే ఊళ్లో మళ్లీ అనుమానపడతారు మేడం. ఈ లావే నాకు కాపలా.” ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. చిక్కిన ఒళ్లు చూసి జనం ఏం గుసగుసలాడేవారో, అప్పటి హెచ్‌ఐవీ మందు స్టావుడిన్ మాత్రలతో బుగ్గలు లోపలికి పీక్కుపోయినవాళ్లు ఎంత నలిగిపోయారో చూసినవాళ్లం. ఆవిడకు చివరికి చెప్పింది ఇదే: బరువు తగ్గొద్దు, నడుము తగ్గించండి. రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే కాళ్లకూ చేతులకూ కండ ఉంటుంది, పొట్ట తగ్గుతుంది, మొహం వాడదు. ఎవరైనా అడిగితే “షుగర్ వస్తుందన్నారు, అందుకే నడుస్తున్నా” అంటే సరిపోతుంది. నడిచేవాళ్లను ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు.

ఇక పళ్లెంలో. ట్రైగ్లిజరైడ్స్ అనగానే అందరూ నూనె మానేస్తారు, అన్నం మాత్రం అంతే పెట్టుకుంటారు. మనవాళ్ల ట్రైగ్లిజరైడ్స్‌కు తెల్లన్నం, టీలో పంచదార, కూల్‌డ్రింకులు, మద్యం ఈ నాలుగే పెద్ద మేత. ఒక పని చేయండి. ముందు కూర, పప్పు, ఆకుకూర పళ్లెంలో సగానికి వడ్డించుకోండి. మిగిలిన చోట పట్టినంతే అన్నం. రెండోసారి అన్నం కావాలనిపిస్తే మజ్జిగ తాగండి. రాత్రి జొన్నరొట్టె తినే అలవాటు ఉంటే వదలకండి. టీ రోజుకు నాలుగుసార్లు తాగేవాళ్లు ఒక్కో కప్పులో రెండు చెంచాల పంచదార వేసుకుంటే రోజుకు ఎనిమిది చెంచాలు. ముందు అది సగం చేయండి.

నూనె ఒక మనిషికి నెలకు అర లీటరు లెక్క. నలుగురున్న ఇంట్లో రెండు లీటర్లు దాటుతుంటే చేత్తో పోసేయడం మాని చెంచాతో కొలవండి. డాల్డా వద్దు. బండి మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు వేయించే నూనెను మళ్లీ మళ్లీ కాస్తారు కాబట్టి వారానికోసారి నోరూరినా నాలుగు చాలు. చేపలు మంచివే, పులుసు పెట్టుకుంటే. వేపుడు చేస్తే ఆ మేలంతా నూనెలో పోతుంది. గుడ్డు మానక్కర్లేదు. ఆవకాయ ముక్క తినండి, పైన తేలే నూనె అన్నంలో పోసుకోకండి. (ఇది చెప్పినప్పుడే నన్ను అందరూ తిట్టుకునేది.)

పథ్యం, నడక మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో ట్రైగ్లిజరైడ్స్ బాగానే దిగుతాయి. ఎల్‌డీఎల్ అంత తేలిగ్గా దిగదు. దాని కోసమే తర్వాతి సంగతి.

కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే

ఎల్‌డీఎల్‌ను తగ్గించే మందులు స్టాటిన్లు. ఇక్కడ ఒక చేదు అనుభవం చెప్పాలి. మా దగ్గర లోపినవిర్-రిటోనవిర్ వాడుతున్న ఒకాయన బయట డాక్టరు దగ్గరికెళ్లి హెచ్‌ఐవీ మందుల సంగతి దాచాడు. ఆ డాక్టరూ ఇంకేమైనా వాడుతున్నారా అని అడగలేదు. సిమ్వాస్టాటిన్ రాసిచ్చాడు. మూడు వారాలకు తొడలు పట్టేసి మెట్లెక్కలేక, మూత్రం కాఫీ రంగులోకి మారి మా దగ్గరికొచ్చాడు. కండరాలు కరిగి కిడ్నీల మీద పడే దశ అది. సమయానికి వచ్చాడు కాబట్టి బతికిపోయాడు.

జరిగిందేమిటంటే, రిటోనవిర్ లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో సిమ్వాస్టాటిన్ కరగకుండా ఒంట్లో ఎన్నో రెట్లు పేరుకుపోతుంది. అందుకే రిటోనవిర్ గానీ అదే పని చేసే కోబిసిస్టాట్ గానీ వాడేవాళ్లు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అసలు ముట్టకూడదు. రోసువాస్టాటిన్ అయితే 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అటోర్వాస్టాటిన్ తక్కువ డోసులో మొదలుపెట్టాలి, లోపినవిర్‌తో 20 దాటనివ్వరు. ఎఫావిరెంజ్ దీనికి తలకిందులు, అది స్టాటిన్‌ను త్వరగా అరగదీసేస్తుంది కాబట్టి మాత్ర వేసుకుంటున్నా అంకె దిగకపోవచ్చు. టీఎల్‌డీ వాడేవాళ్లకు ఈ తలనొప్పులేవీ లేవు, స్టాటిన్లతో డోలుటెగ్రావిర్‌కు గొడవ లేదు.

“కొలెస్ట్రాల్ అంత ఎక్కువేం లేదు, నాకెందుకు స్టాటిన్?” అని అడిగేవాళ్లూ ఉంటారు. ‘రిప్రీవ్’ అనే అధ్యయనం 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగింది, మన దేశంలో కూడా. వాళ్లంతా గుండె ముప్పు తక్కువో మధ్యస్థమో అనుకున్నవాళ్లే. రోజుకు 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు 35 శాతం తగ్గాయి. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. 2024లో అమెరికా మార్గదర్శకాల్లోకి ఆ సలహా చేరింది. కాబట్టి నలభై దాటితే, రిపోర్టు మామూలుగానే ఉన్నా, “నాకు స్టాటిన్ అవసరమా?” అని మీరే అడగండి. అదే అధ్యయనంలో మాత్ర వాడినవాళ్లలో షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు 5.3 శాతం, వాడనివాళ్లలో 4 శాతం. అది చిన్న తేడానే, కానీ ఏడాదికోసారి షుగర్ చూసుకోవడానికి అది చాలు.

ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువైతే ఫెనోఫైబ్రేట్ ఇస్తారు. అదే కోవకు చెందిన జెమ్‌ఫైబ్రోజిల్‌ను మాత్రం స్టాటిన్‌తో కలిపి వాడకూడదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

పనిలో పనిగా రెండు జాగ్రత్తలు, డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడితే రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదు. యాంటాసిడ్‌కు (గ్యాస్, మంట మందుకు) రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ అదే లెక్క, భోజనంతో అయితే వాటిని కలిపి వేసుకోవచ్చు. గుండెకు మంచిదని అమ్మే పొడులూ, కాప్సూళ్లూ డబ్బాతో సహా డాక్టరుకు చూపించాకే.

ఇద్దరు డాక్టర్లు, ఒక్క కాగితం

ఏఆర్‌టీ సెంటర్ డాక్టరుకు మీ బయటి మందులు తెలియవు. గుండె డాక్టరుకు మీ ఏఆర్‌టీ తెలియదు. మధ్యలో ఉన్నది మీరొక్కరే. ఒక తెల్ల కాగితం మీద మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరు, డోసు, వేళ రాసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఎవరు కొత్త మందు రాసినా ముందు అది చూపించండి. వ్యాధి పేరు నోటితో అనడానికి మనసొప్పకపోతే కాగితం ముందుకు జరిపితే చాలు, పేర్లు చదివిన డాక్టరుకు అర్థమవుతుంది. మీ వివరాలు బయటపెట్టకుండా ఉండటం ఆ డాక్టరు బాధ్యత. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. వైద్యం నిరాకరించినా, మీ సంగతి నలుగురికీ చెప్పినా చట్టం ముందుకు తీసుకెళ్లొచ్చు. ఎటూ తోచకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

స్టాటిన్ మొదలుపెట్టినా, ఏఆర్‌టీ మార్చినా ఒకటి నుంచి మూడు నెలల మధ్య మళ్లీ పరీక్ష ఉంటుంది. వీలైతే అదే ల్యాబ్‌లో, అదే వేళకు, అలాగే పరగడుపున ఇవ్వండి. ఆ తేదీని గ్రీన్ బుక్‌లో తర్వాత మందులకు రావాల్సిన తేదీ కింద రాయించుకోండి. రెండూ ఒకే రోజు పడేలా చూడమని అడిగితే, చాలాసార్లు కుదురుతుంది.